తక్కువ అన్యాయం చేసే గీత

పాము పగ పన్నెండేళ్ళంటారు. పాముకేం, చీకూ చింతా లేని జీవి, పన్నెండేళ్ళు కాగానే మరిచిపోతుంది. సత్యవేణి అలా మరిచిపోయే రకం కాదు. రొయ్యల హేచరీలో, మేడ మీది గాజుగదిలో కూర్చుని, బల్ల మీద వెలిగిన పసుపు దీపాన్ని చూసింది. టీ గ్లాసు నింపాదిగా పక్కన పెట్టి ఫోను తీసింది.

"సార్, ఏడో ట్యాంకు దగ్గరికి ఒకసారి వస్తారా? రొయ్యపిల్ల అడుగున పోగవుతున్నట్టుంది. మీ చెయ్యి పడితే ధైర్యంగా ఉంటుంది."

"వస్తున్నానమ్మా," అన్నాడు అవతలినుంచి డాక్టర్ రంగరాజు. ఆ గొంతులో విసుగన్నది ఉండదు. అదే ఆమెకు ఒళ్ళుమంట. విసుక్కుంటే పగ తీర్చుకోవడం ఇంకాస్త హాయిగా ఉండేది.

పసుపు దీపం వెలిగితే వెంటనే గంట నొక్కాలి. గంట మోగగానే కింద పనివాళ్ళు పరుగెత్తి నీళ్ళు మారుస్తారు, గాలి గొట్టాలు పెంచుతారు. అప్పటికప్పుడు చేస్తే పిల్ల బతుకుతుంది. జాగు చేస్తే తెల్లబడిపోయి నీటి మీద తేలుతుంది. ఆ గంటేదో యంత్రమే కొట్టుకోవచ్చుగా అంటారేమో. ఒకప్పుడు కొట్టేది. గాలి జోరుగా వీచినా, ట్యాంకులో ఎవరో చెయ్యి కడిగినా కొట్టేది. ఆ గోల పడలేక చివరి మాట బల్ల దగ్గర మనిషికి వదిలేశారు. ఇప్పుడు ఆ మనిషి సత్యవేణి.

ఆమె గంట మీద వేలు పెట్టింది. నొక్కలేదు. రంగరాజు వచ్చి, ప్యాంటు మడిచి, ఏడో ట్యాంకు గట్టు మీద వంగి నీళ్ళు చూడ్డం మొదలుపెట్టేదాకా ఆగింది. ఆయన అటు తిరిగాడు, ఇటు తిరిగాడు, గ్లాసుతో నీళ్ళు తీసి వెలుతురుకు పట్టి చూశాడు. అప్పుడు నొక్కింది.

సాయంత్రానికి ఏడో ట్యాంకు మొత్తం పోయింది. గోడ మీద డాక్టర్ రంగరాజు పేరుకింద ఒక చుక్క పైకెక్కి కూర్చుంది.

ఆ గోడ సంగతి చెప్పాలి. రంగరాజు కనిపెట్టిన యంత్రం పేరు వాలుగీత. ఇసుక రేణువంతేసి కళ్ళు తయారుచేసి నీళ్ళలో చల్లాడాయన. నీటిలో ఉప్పెంత, వేడెంత, ఎవరి చెయ్యి మునిగింది, ఎవరు గట్టు మీద ఎంతసేపు నిలబడ్డారు, అన్నీ అవి చూస్తాయి. చూసినదాన్ని యంత్రం పెద్ద గోడ మీద చుక్కలుగా పెడుతుంది. ఆ చుక్కల మధ్యనుంచి గీత గీస్తుంది. గీత పడుకుంటే భయం లేదు. ఏటవాలుగా లేచి నిలబడిందా, అదే నిర్ణయం. ఉప్పు మీద నిలబడితే ఉప్పు తగ్గిస్తారు. మనిషి మీద నిలబడితే మాత్రం తీరం పొడుగునా ఏ హేచరీ గేటూ ఆ మనిషి అరచేతికి తెరుచుకోదు. దాని మీద అప్పీలు లేదు. "గీత తేల్చాక మనిషి మాట చెల్లదు," అని రంగరాజే రాసిపెట్టాడు. మనుషులకు మొహమాటాలుంటాయి, చుట్టరికాలుంటాయి, గీతకు అవేమీ ఉండవని ఆయన నమ్మకం.

ఆ గీత మొదటిసారి నిలబడింది సత్యవేణి తల్లి నూకరత్నం మీద.

సత్యవేణికి ఆ రోజు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది. బడినుంచి వస్తూ అమ్మకు అన్నం క్యారేజీ తెచ్చింది. హాల్లో పనివాళ్ళందరినీ గోడముందు నిలబెట్టి రంగరాజు చెబుతున్నాడు. కొత్త యంత్రం గదా, మొహం వెలిగిపోతోంది.

"ఒక్కో చుక్క ఒక్కో ట్యాంకండి. చుక్క కుడివైపుకి జరిగేకొద్దీ ఈవిడ ఆ ట్యాంకు దగ్గర ఎక్కువసేపు ఉన్నట్టు. పైకెళ్ళేకొద్దీ అందులో పిల్ల ఎక్కువ పోయినట్టు. ఇప్పుడు గీత చూడండి."

గీత త్రాసుముల్లులా ఊగింది. పైనున్న చుక్కలు పైకి లాగాయి, కిందున్నవి కిందికి లాగాయి. ఎవరి బలం కొద్దీ వాళ్ళు లాగగా లాగగా, చివరకు ఒకచోట నిలబడింది. ఎడమ మూలనుంచి కుడివైపు పైకి, మేడమెట్లలా.

"ఇది ఏ చుక్కకీ పూర్తి న్యాయం చెయ్యదు. ఒక్కోదానికి కాస్త దూరంగానే వెళ్తుంది. అన్నిటికీ కలిపి చూస్తే తక్కువ అన్యాయం చేసే గీత ఇది. అంతకంటే మంచి గీత ఎవరూ గీయలేరు," అన్నాడు రంగరాజు.

"ఆ కింద, కుడిపక్క మూల, ఒంటరిగా ఉందేటండీ బాబూ?" అనడిగింది నూకరత్నం. తన మీద తీర్పు జరుగుతోందని ఆ పిచ్చితల్లికి ఇంకా తెలీదు.

"అది తేడా చుక్కమ్మా. ఎక్కడో పొరపాటు పడుంటుంది, లెక్కలోకి రాదు," అని వేలితో తుడిచేశాడు. గీత ఇంకాస్త నిక్కి నిలబడింది.

అది పొరపాటు కాదు. తొమ్మిదో ట్యాంకు. అందరూ వదిలేసుకున్నదాన్ని నూకరత్నం తిండీ నిద్రా మాని గట్టు మీదే పడుండి బతికించిన ట్యాంకు. ఆ తీరంలో ఒక ఆనవాయితీ ఉంది. కొందరిది చలవ చెయ్యి అంటారు. ట్యాంకు జబ్బు పడిందంటే చలవ చెయ్యి ఉన్న మనిషిని పిలుచుకొచ్చి, ఆ చేత్తో మేత చల్లించి, ఆ చేత్తోనే నీళ్ళు కలిపిస్తారు. నూకరత్నానిది ఊరంతా ఒప్పుకున్న చలవ చెయ్యి. ఆరోగ్యంగా ఉన్న ట్యాంకు దగ్గరికి ఆమెను ఎవరూ పిలవరు, అవసరమేముంది? కొనప్రాణంతో ఉన్నదాని దగ్గరికే పంపుతారు. వాటిల్లో సగం పోయేవే. వాన పడితే గొడుగు తీస్తాం. గొడుగు తీసినందుకే వాన పడిందంటే గొడుగేం చెబుతుంది?

రంగరాజుది కాకినాడ చదువు కాదు, ఇంకా పెద్ద చదువు. చలవ చెయ్యి మాట ఆయనకెవరూ చెప్పలేదు. చెప్పాల్సింది సూపర్‌వైజర్ చిట్టబ్బాయి. ఆమెను ట్యాంకు ట్యాంకుకూ పిలుచుకెళ్ళింది అతనే. మూఢనమ్మకం అంటారేమోనని సిగ్గుపడి నోరు మూసుకున్నాడు.

ఆ మర్నాడు నూకరత్నం గేటు మీద అరచెయ్యి పెట్టింది. ఎర్ర దీపం వెలిగింది. చీర కొంగుకు తుడుచుకుని మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఎరుపే. వెనక వరసలో ఆడవాళ్ళు జరగమన్నారు, జరిగింది.

గేటు ఒక్కటే అయితే బాధ లేకపోయేది. ఊరికి తెలిసింది. కొత్త పడవ నీళ్ళలోకి దింపితే ముందు పసుపునీళ్ళు చల్లేది ఆమె. అలాంటిది తోడికోడలి కొడుకు పడవ దింపేనాడు, పళ్ళెం అందుకోబోతే, "నువ్వు ముట్టుకోకే రత్నం," అంది తోడికోడలు. గట్టిగా కూడా అనలేదు, మెల్లిగా, నలుగురిలో పరువు పోకుండా. పెళ్ళిళ్ళలో పసుపు దంచేటప్పుడు రోకలి ఆమెను దాటి పక్కావిడ చేతికి వెళ్ళిపోయేది. బాలింతలున్న ఇంటివాళ్ళు ఆమెను చూసి తలుపు ఓరగా వేసేవాళ్ళు. అప్పటినుంచి ఆ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం నేర్చుకుంది నూకరత్నం.

సత్యవేణి లెక్కల చదువు చదివింది. ఎందుకు చదివావంటే ఉద్యోగం కోసం అని అందరితో అనేది. కాదు. ఆ గీతను దాన్ని గీసినవాడి మీదే నిలబెట్టాలని చదివింది. అదే హేచరీలో, అదే రంగరాజు కింద ఉద్యోగం సంపాదించింది. చేరిన కొత్తలో ఒకసారి మాటవరసకన్నట్టు కదిపి చూసింది.

"సార్, గీత మొదట తేల్చింది నూకరత్నం అనే ఆవిణ్ణంట కదండీ?"

రంగరాజు కళ్ళజోడు పైకి తోసుకుని ఆలోచించాడు. "నూకరత్నమా? ఎవరమ్మా? ఇంతమందిలో ఎవరని గుర్తుంటారు చెప్పు," అంటూ ఆత్రేయపురం పూతరేకుల డబ్బా ఆమె వైపు జరిపాడు. "తీసుకో, మా ఆవిడ పంపింది."

సత్యవేణి తీసుకుంది. తింది కూడా. తియ్యగా ఉంది, ఏమాటకామాటే చెప్పుకోవాలి. కోపంగా గుర్తుపెట్టుకున్నా ఇంత మండేది కాదు. మా అమ్మ బతుకు కూల్చినవాడికి అమ్మ పేరు కూడా గుర్తులేదా అని, పళ్ళ మధ్య ఆ రేకు కరిగిపోతుంటే, లోపల నిప్పు కణకణమంది.

ఒక్క దొంగ చుక్క పెట్టకూడదు అనుకుంది. అబద్ధపు చుక్క పెట్టడం ఆమెకు చిటికెలో పని. కానీ అబద్ధంతో కొడితే అది దొంగదెబ్బ. తన తల్లిని నిజం చుక్కలతోనే కొట్టారు, ఈయన్నీ నిజం చుక్కలతోనే కొట్టాలి. మార్గం సులువే. జబ్బు పడిన ప్రతి ట్యాంకు దగ్గరికీ ఆయన్ని పిలవడం. అంతే.

మొదటిసారి పిలిచి వెంటనే గంట కొట్టింది. ట్యాంకు బతికిపోయింది. రంగరాజు పేరుకింద ఆ ట్యాంకు చుక్క కుడివైపు జరిగిందిగానీ కిందనే ఉండిపోయింది, గీత లేవలేదు. గోడ మీద ఆ చుక్కను చూస్తే తొమ్మిదో ట్యాంకు చుక్కే గుర్తొచ్చిందామెకు. ఈయనకు అలాంటి చుక్క ఒక్కటి కూడా ఉండకూడదు. ఆ పంతంతో రెండోసారి ఆగి కొట్టింది. తర్వాత ఇంకాస్త ఆగడం అలవాటైంది. రొయ్యపిల్లలేగా, అనుకునేది. ఎలాగూ పెరిగితే ఎవరో వేపుకుని తినేవే కదా!

ఇంటికొస్తే నూకరత్నం రోజూ అడిగేది ఒకటే.

"పిల్లలెలాగున్నాయే?"

రొయ్యపిల్లల్ని ఆమె పిల్లలనే అనేది మొదటినుంచీ.

"బాగున్నాయమ్మా."

"కొత్త నీళ్ళు ఒక్కసారే కుమ్మరించెయ్యొద్దని సెప్పు ఆళ్ళకి. గాబరా పడతాయి. నా సెయ్యుంటే మెల్లిగా పోసేదాన్ని," అంటూ ఒళ్ళో చేతులకేసి చూసుకునేది.

"నీ చేతికి మళ్ళీ దణ్ణం పెడతారే అమ్మా. చూస్తూ ఉండు."

"ఎవురూ దణ్ణం పెట్టక్కర్లేదే. ముట్టుకోనిస్తే సాలు."

ఆ మాట విన్న ప్రతిసారీ సత్యవేణి మర్నాడు గంట మీద వేలు ఇంకాస్తసేపు ఆపేది.

ట్యాంకులు వరసగా పోతుంటే హేచరీ అల్లాడిపోయింది. తూర్పు వరస ట్యాంకులు ఖాళీగా పడున్నాయి. ఆ వరసలో పనిచేసే ఆడవాళ్ళను ఇళ్ళకు పంపేశారు. రంగరాజు నిద్ర మానేశాడు. ఎందుకు పోతున్నాయో తేల్చాలని తనంతట తానే ట్యాంకులచుట్టూ తిరగడం ఎక్కువ చేశాడు. పాపం, తిరిగినకొద్దీ చుక్కలు కుడివైపుకే జరిగేవి. సత్యవేణి పిలవాల్సిన పని కూడా తప్పిపోయింది. గాజుగదిలోంచి గోడకేసి చూస్తూ కూర్చునేది. గీత రోజుకింత లేస్తోంది.

ఒక ఉదయం అది నిలబడింది.

రంగరాజు గేటు మీద అరచెయ్యి పెట్టాడు. ఎర్ర దీపం. జేబురుమాలుతో చెయ్యి తుడుచుకుని మళ్ళీ పెట్టాడు. వెనక వరస ఆగిపోయింది. చిట్టబ్బాయి కంగారుగా, "అదేటండీ బాబూ, మీక్కూడానా!" అన్నాడు. అప్పటిదాకా ఆయనకు నమస్కారాలు పెట్టినవాళ్ళే ఒక అడుగు వెనక్కి వేశారు. ఒకావిడ పిల్లాణ్ణి చంకలోకి లాక్కుంది.

సత్యవేణి గేటు లోపలివైపు నిలబడి ఉంది. ఈ ఘడియ కోసమే తెల్లవారుతూనే వచ్చింది.

"సత్యవేణీ, యంత్రంలో ఏదో తేడా ఉందమ్మా. గేటు తీయించు," అన్నాడు రంగరాజు.

"గీత తేల్చాక మనిషి మాట చెల్లదండి. మీరే రాశారు."

"అది కాదమ్మా, ఆ చుక్కలు..."

"అన్నీ నిజం చుక్కలే సార్. ఒక్కటి కూడా నేను పెట్టలేదు. ఆ ట్యాంకుల దగ్గర మీరున్నారు. అవి పోయాయి. అన్నిటికీ కలిపి తక్కువ అన్యాయం చేసే గీత అండి ఇది. అంతకంటే మంచిది ఎవరు గీస్తారు?"

రంగరాజు చువ్వలు పట్టుకున్నాడు. గొంతు పెరిగింది. "నేనెందుకు వెళ్ళాను ఆ ట్యాంకుల దగ్గరికి? అవి జబ్బు పడ్డాయనేగా! నువ్వు రమ్మంటేనేగా వెళ్ళాను!"

"మా అమ్మ ఎందుకెళ్ళిందండీ?"

ఆయనకు అర్థం కాలేదు. సత్యవేణి చువ్వల దగ్గరకొచ్చింది. ఇన్నేళ్ళూ నోట్లో నానబెట్టుకున్న మాట.

"మా అమ్మ పేరు నూకరత్నం. చలవ చెయ్యి అని పిలిస్తే వెళ్ళింది. చచ్చేవాటి దగ్గరికే పిలిచేవారు, వెళ్ళేది. ఒకదాన్ని బతికించింది కూడా. ఆ చుక్కని మీరు వేలితో తుడిచేశారు. తేడా చుక్కన్నారు. ఆ చుక్కే సార్ మా అమ్మ."

రంగరాజు చిట్టబ్బాయి వైపు తిరిగాడు. చిట్టబ్బాయి తలొంచుకుని, "నిజమేనండి. నేనే తీసుకెళ్ళేవోణ్ణి. అప్పుడు సెప్పలేకపోయానండి, ఆయ్," అన్నాడు. రంగరాజు గేటు పక్కన దిమ్మె మీద కూలబడ్డాడు. ఎండెక్కేదాకా అలాగే కూర్చున్నాడు. సత్యవేణి నీళ్ళు కూడా పంపలేదు. తన తల్లికి ఎవరిచ్చారు గనక?

ఏమాటకామాటే, ఆయన లేచి చేసింది మాత్రం మనిషి చేసే పనే. పనివాళ్ళందరినీ గేటు దగ్గరికి పిలిపించాడు. యంత్రాన్ని పూర్తిగా ఆపే తాళం ఇంకా ఆయన దగ్గరే ఉంది.

"తప్పు చేశానండి," అన్నాడు, అందరికీ వినబడేలా. "రెండు విషయాలు కలిసి నడిచినంతమాత్రాన ఒకటి రెండోదాన్ని కన్నట్టు కాదు. చదువుకున్నప్పుడు మొదట నేర్పేదే అది. నూకరత్నం గారి చేతిలో ఏ దోషమూ లేదు. దోషం నా గీతలో ఉంది. దాన్ని ఇవాళే ఆపేస్తాను. చిట్టబ్బాయ్, వెళ్ళి ఆవిణ్ణి పిలుచుకురండి. నేను ఆవిడ ముందే ఆపాలి."

చిట్టబ్బాయి పసుపు కుంకుమలు పట్టుకుని మరీ వెళ్ళాడు. వెంట తోడికోడలూ వచ్చింది. రత్నం అనడం పోయి రత్నమ్మా అనడం వచ్చింది. వెనకవైపు లారీల గేటుకు యంత్రం లేదు, పాత ఇనపగొళ్ళెం. దాన్ని తీసి అందరినీ లోపలికి రానిచ్చారు.

నూకరత్నం మెల్లిగా హాల్లోకి అడుగుపెట్టింది. ఎదురుగా ఉన్న ట్యాంకు గట్టు దగ్గర ఆగి, ఎవరైనా కాదంటారేమోనని చుట్టూ చూసింది. ఎవరూ కాదనలేదు. మోచేతిదాకా చెయ్యి నీళ్ళలో పెట్టింది. పిల్ల ఆమె వేళ్ళ చుట్టూ మూగింది. ఆమె కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. సత్యవేణి ఆ మొహం చూసి, చాలు, పగ తీరింది, ఇంకేం అక్కర్లేదు అనుకుంది.

రంగరాజు గోడముందు నిలబడ్డాడు. గోడ మీద రెండు గీతలు పక్కపక్కన ఉన్నాయి, తల్లిదీ, ఆయనదీ.

"ఆపేముందు ఒక్కటి అడుగుతానండి దీన్ని," అన్నాడు. "ఇన్నాళ్ళూ ఏది దేనితో కలిసి నడిచిందో అడిగానుగానీ, ఏది ముందు నడిచిందో అడగలేదు. ఈ ట్యాంకులు నా వల్ల పోకపోతే దేనివల్ల పోయాయి? ఆ కారణం ఇంకా లోపలే ఉంటే, రేపు మిగిలినవి కూడా పోతాయి గదా."

సత్యవేణి గబగబా ఒక అడుగు ముందుకేసింది. "సార్, ఇప్పుడెందుకండీ..." అంది. అప్పటికే ఆయన అడిగేశాడు.

ట్యాంకు గట్టు మీద నిలబడేవాళ్ళ మీదే ఇన్నాళ్ళూ గీతలు గీశారు. బల్ల దగ్గర కూర్చునేవాళ్ళ మీద గీయాలని ఎవరికీ తోచలేదు. యంత్రానికి ఇప్పుడు తోచింది. పాత గీతలు రెండూ చెరిగిపోయాయి. కొత్త చుక్కలు పడ్డాయి. అడ్డంగా, దీపం వెలగడానికీ గంట మోగడానికీ మధ్య జాగు. నిలువుగా, పోయిన పిల్ల. గీత ఈసారి ఊగలేదు. ఎటూ లాగేవాళ్ళు లేనట్టు ఏటవాలుగా లేచి నేరుగా చుక్కల మీదే నిలబడింది. ఒక్క చుక్క పక్కకు లేదు. తేడా చుక్కన్నదే లేదు.



నూకరత్నం నీళ్ళలోంచి చెయ్యి తియ్యకుండానే గోడకేసి చూసింది. కింద రాసి ఉన్నది కూడబలుక్కుని చదువుకుంది.

"సిట్టబ్బాయ్, ఆ గంట దగ్గర కూకునేదెవురు?"

పనివాళ్ళు సత్యవేణి వైపు చూశారు. పని పోయి ఇళ్ళకు వెళ్ళి, ఈ కబురు విని వచ్చిన తూర్పు వరస ఆడవాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నారు. రంగరాజు కూడా చూశాడు. ఆ చూపులో కోపం లేదు, అర్థం కావడం మాత్రమే ఉంది.

"అమ్మా," అంది సత్యవేణి. "కలిసి నడిచినంతమాత్రాన..." అనబోయి ఆగిపోయింది. ఈ ఒక్క గీత విషయంలో ఆ మాట చెల్లదు. ఇది కలిసి నడవడం కాదు. ఆగిన వేలు తనది.

"దీపం ఎలిగింది నీకు కనపడిందా?" అడిగింది నూకరత్నం.

"నీ కోసమేనే అమ్మా. నిన్ను ఆ గేటు ముందు..."

"కనపడిందా లేదా?"

"కనపడింది."

నూకరత్నం నీళ్ళవైపు తిరిగింది. రంగరాజు తాళం తిప్పాడు. గోడ నల్లబడింది. ముందు గేటు దీపం ఆరిపోయి తలుపు దానంతట అదే తెరుచుకుంది. ఇక అది ఏ అరచెయ్యినీ ఆపదు.

పిల్లకు మేత వేసే వేళైంది. చిట్టబ్బాయి మేత బేసిను తెచ్చి గట్టు మీద పెట్టాడు. తల్లికి నడుం వంగడం కష్టమని సత్యవేణి చప్పున దగ్గరకొచ్చి, బేసిను అందుకోవడానికి చెయ్యి చాపింది.

"నువ్వు ముట్టుకోకే," అంది నూకరత్నం. గట్టిగా కూడా అనలేదు. మెల్లిగా, నలుగురిలో పరువు పోకుండా అంది.

సత్యవేణి చెయ్యి వెనక్కి తీసుకుంది.